తారామణి డాబా మీదుగా

ఎస్తేర్ తనకు తాను దొరికేది రోజుకు రెండుసార్లే. పొద్దున నాచారం నుంచి ఉప్పల్ వెళ్లే బస్సులో ఒకసారి, సాయంత్రం తిరుగు బస్సులో మరోసారి. కిటికీ పక్క సీటు దొరికితే, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టును వేలికి చుట్టుకుంటూ మహారాణిలా కూర్చునేది. ఆ కాసేపు ఆమెను ఎవరూ టీ అడగరు.

ఉప్పల్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫోన్లు మాట్లాడే ఉద్యోగం ఆమెది. ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నవాళ్లు ఇంటి నుంచే పని చేయవచ్చని ఆఫీసులో అన్న మాటను, అన్నం తింటూ నోరు జారి చెప్పేసింది. అంతే! భర్త టిమోతి చేతిలో ముద్ద మింగకముందే కనెక్షన్ ఖాయం చేశాడు. అత్త రూతమ్మ తన ప్రార్థన ఫలించిందని కళ్లు మూసుకుంది.

"బస్సుల తిప్పలు తప్పుతయి బిడ్డా. ఫోన్ల మాట్లాడుకుంటనే కుక్కర్ గూడ సూసుకోవచ్చు," అంది.

వాళ్లు చెడ్డవాళ్లు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాళ్లయితే ఎదురు తిరగడం ఎంత సులువు!

మర్నాడు కనెక్షన్ మనిషి వచ్చి చూశాడు. స్తంభం నుంచి తీగ రావాలంటే పక్కింటి డాబా మీదుగానే రావాలని, వాళ్లు ఒప్పుకోవాలని చెప్పి వెళ్లాడు. పక్కింటి తారామణి తన డాబా మీద కాకిని కూడా వాలనివ్వదని వీధంతటికీ తెలుసు. బతిమాలి రమ్మని టిమోతి ఎస్తేర్‌నే పంపాడు. ఆమె గంపెడాశతో వెళ్లింది, తారామణి కాదంటుందని.

డాబా మీద మిరపకాయలు ఆరబోస్తున్న తారామణి సంగతంతా విన్నది.

"నువ్వడిగితె ఎట్ల కాదంటనే? మంచిపిల్లవు. గుంజుకోమను."

ఆ మంచిపిల్ల అన్న మాటకు ఎస్తేర్‌కు ఒళ్లు మండింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"కాదను అక్కా, నీకు దండం పెడ్త. అది వచ్చిందంటె ఇగ నేను గడప దాటుడే ఉండది. నాకు ఊపిరాడది."

తారామణి ఆమెను ఎగాదిగా చూసి, చేతులు దులుపుకుంది. పిట్టగోడ మీంచి వంగి, వీధి చివరికి వినబడేలా కేకేసింది.

"ఓ టిమోతీ! నా డాబా మీదికెల్లి తీగ గీగ గుంజితె మంచిగుండది, సెప్తున్న!"

ఎస్తేర్ తల వంచుకునే ఇంటికొచ్చింది గాని, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంది. ఆ వారమంతా బస్సు కుదుపులు కూడా బాగున్నాయనిపించింది.

శనివారం ఆఫీసు నుంచి వచ్చేసరికి హాల్లో గోడకు ఒక తెల్లడబ్బా మెరుస్తోంది. కిటికీ బయట దాని తోడుబుట్టింది ఇంకోటి.

"ఇగ తీగే అక్కర్లేదు! గాలిలకెల్లే పట్టుకుంటదట," అన్నాడు టిమోతి. "ఎవ్వళ్లను బతిమాలే పనే లేదు. సోమారం నుంచి ఇంట్లనే జేస్తనని మీ సార్‌కు మెసేజ్ పెట్టు."

ఎస్తేర్ కిటికీలోంచి పక్కింటి డాబా వైపు చూసింది. తారామణి అక్కడే నిలబడి ఉంది. ఆమె చేతిలోనూ ఇప్పుడేమీ లేదు.

"టేబుల్ యాడ ఎయ్యమంటవ్? నీ ఇష్టం," అన్నాడు టిమోతి, ప్రేమగానే.

ఈ వ్యవహారం మొత్తంలో ఎస్తేర్‌ను ఎవరైనా అడిగిన మొదటి మాట అదే. ఆమె ఇల్లంతా కలయజూసింది.

"గడప కాడ ఎయ్యి," అంది. "బస్సు సప్పుడన్న ఇనవడ్తది."