నాన్న టోకెన్ నంబరు

పోయినవి మొత్తం ఆరు వందల పన్నెండు నకళ్లు. ముప్పై ఏడు కుటుంబాలవి. సర్వీసు పుస్తకాల పేజీలు, నామినీ ఫారాలు, మరణ ధ్రువపత్రాలు. అన్నీ నేనే స్కాన్ చేసి, వైఫై రౌటరుకు తగిలించిన డిస్కులో దాచాను. కంప్యూటరు నేనెక్కడా చదువుకోలేదు, చూసి చూసి నేర్చుకున్నాను. ఈ బెంగాలీ రైల్వే ఊళ్లో, ఖరిదా పేటలో, మా తెలుగు వీధివాళ్లు పెన్షన్ కాగితాలు పట్టుకుని నా దగ్గరికే వచ్చేవారు.

అరుగు మీద కూర్చున్నవాళ్లకూ నెట్టు అందాలని రౌటరును వీధి కిటికీలో పెట్టాను. ఫోను పట్టుకుని నడిచి కొలిచాను. నలభై మూడు అడుగులు, టీ కొట్టు దాకా. గర్వపడ్డాను. ఆ నలభై మూడు అడుగుల్లో ఎంతమంది మసలుతారో మాత్రం లెక్కపెట్టలేదు.

పాస్‌వర్డుకు కనీసం ఎనిమిది అక్షరాలో అంకెలో కావాలంది రౌటరు. రైల్వే వర్క్‌షాపులో నాన్న హాజరు టోకెన్ నంబరు నాలుగంకెలు. రెండుసార్లు కొట్టాను. నెట్టుకు అదే, రౌటరు సెట్టింగులకు అదే, డిస్కుకూ అదే.

ఒక ఉదయం చూస్తే డిస్కు ఖాళీ. ఎవరిదో ఫోను సెట్టింగుల్లోకి వచ్చి వెళ్లినట్టు రౌటరులో నమోదై ఉంది. ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

టీ కొట్టు దగ్గర, నాన్నతో పనిచేసిన ముసలి ఫిట్టరు అడిగాడు.

"తాళం ఏటి పెట్టినావు బావూ?"

చెప్పాను. టీ ఒలికేలా నవ్వాడు.

"మీ నాన్న నంబరా! ఓరి నాయనో, వర్క్‌షాపోళ్లకి పేర్లెక్కడివిరా, నంబరే కదా పిలుపు! మీ అమ్మని ఇప్పటికీ ఆ నంబరాయన పెళ్లామనే అంటారు. తాళం నీ గుమ్మానికేసి, చెవి ఈ టీ కొట్లో ఇచ్చినావు."

కొట్టు నడిపే బెంగాలీ దాదాకు తెలుగు రాదు. అతనూ నవ్వాడు.

ముప్పై ఏడు కుటుంబాలూ అసలు కాగితాలు మళ్లీ తెచ్చాయి. ఆరు వందల పదకొండు నకళ్లు తిరిగి తీశాను. మిగిలిన ఒకటి ఎదురింటి పిన్నిది. చనిపోయిన భర్త ఆమెను నామినీగా రాసిన ఫారం. కిందటి వానల్లో కప్పు కారి, ట్రంకు పెట్టెలోని ఆ అసలు కాగితం ముద్దయిపోయింది. అప్పుడు నేనే అన్నాను: "ఏడవకు పిన్నీ, నా డిస్కులో భద్రంగా ఉంది." రైల్వే ఆఫీసులో పాత ఫైలు దొరకడం లేదంటున్నారు. ఆ కాగితం లేనిదే పెన్షన్ మొదలుకాదు.

ఇప్పుడు రౌటరు నడిమింట్లో ఉంది. పాస్‌వర్డు ఎవరి నంబరూ కాదు. దేనికీ తగిలించని రెండో డిస్కు బీరువాలో ఉంది. నెట్టు అరుగు దాటదు.

పిన్ని మాత్రం గుమ్మం దాటి వస్తుంది.

"దొరికిందేటి బాబూ?"

"లేదు పిన్నీ."

"నువ్వు లెక్క తప్పవు కదా. మళ్లీ ఓపాలి సూడు."

ఆ పాత డిస్కు పెట్టి చూపిస్తాను. ఖాళీ తెర వైపు ఆమె చాలాసేపు చూస్తుంది.

ఆరు వందల పన్నెండులోంచి ఆరు వందల పదకొండు తీసేస్తే, నేను ఆమెకు బాకీ ఉన్నది ఒకటి.