సూదికీ ఏడవని పిల్ల

ఫిబ్రవరి నెల, ఒక సోమవారం, మధ్యాహ్నం ఓపీ. ఉన్నవారు: పిల్లల వైద్యుడిగా నేను, స్టాఫ్ నర్సు సుజాత, పుట్టి తొమ్మిది రోజులైన ఆడశిశువు, తల్లి శిరీష, అమ్మమ్మ కోటమ్మ.

అప్పుడు నా పోస్టింగు చిలకలూరిపేటకు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో. మిరపకోతల రోజులు. కోటమ్మ కల్లం నుంచి నేరుగా వచ్చింది. ఆమె చీరకంటిన ఘాటుకు గదిలో అందరం తుమ్మాం. పొత్తిళ్లలోని పిల్ల మాత్రం కదల్లేదు.

"తొందరగా టీకా వేసి పంపండి సారూ. ఎల్లుండి పురుడు. కల్లంలో కాయలు ఎండబోసి వచ్చా," అంది. పిల్ల ఎలా ఉందని అడిగితే మురిసిపోయింది. "నిన్నటినుంచి కుయ్యి కయ్యి లేదు. దీని తల్లి పుట్టినప్పుడు బజారంతా లేపింది. ఇది బంగారం."

రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేస్తోందని శిరీష మెల్లగా చెప్పింది.

టీకా పక్కనపెట్టి పొత్తిళ్లు విప్పించాను. జ్వరం లేదు. పాదాలు చల్లగా ఉన్నాయి. బొడ్డు చుట్టూ ఎర్రబడింది. ఛాతీమీద వేలితో నొక్కి వదిలితే, తెల్లబడ్డ చోట రంగు తిరిగి రావడం ఆలస్యమైంది. చక్కెర పరీక్షకు సుజాత మడమలో సూది గుచ్చితే పిల్ల ముఖం కూడా చిట్లించలేదు.

"చూశారా, సూదిక్కూడా ఏడవలా," అంది కోటమ్మ గర్వంగా.

"నా భయం అదేనమ్మా," అన్నాను.

రక్తంలో ఇన్ఫెక్షన్ చేరినట్టుందని, ప్రాణానికే ముప్పని చెప్పాను. దీన్ని మేం సెప్సిస్ అంటాం. పసికందుల్లో దీనికి జ్వరం రావాలని లేదు. ఒళ్లు చల్లబడి, పాలు మాని, మగతగా పడి ఉంటారు. చూసేవాళ్లకు అది నెమ్మదితనంలా కనిపిస్తుంది.

కోటమ్మ పురుడు మాట మళ్లీ ఎత్తలేదు. "మరింకా చూస్తారేందయ్యా, కానీండి," అంది.

పిల్లను ఒళ్లు వెచ్చబరిచే వార్మరు కింద పడుకోబెట్టి, ఏ క్రిమో తేల్చే కల్చరు పరీక్షకు రక్తం తీసి, వెంటనే బరువును బట్టి యాంటీబయాటిక్ ఎక్కించాం. కల్చరు ఫలితానికి రెండు రోజులైనా పడుతుంది. అంతవరకు మందు ఆపకూడదు.

ఆ కేసుతో నా ప్రశ్న మారింది. పిల్ల బాగుందా అంటే ఇంట్లోవాళ్లు మురిపెమే చెబుతారు. పాలకు తనే లేస్తోందా, మీరు లేపుతున్నారా అని అడగాలి.

మర్నాడు ఉదయం సుజాత మళ్లీ మడమలో సూది గుచ్చింది. వార్డంతా వినపడేలా ఏడుపు. చీర మార్చుకొచ్చిన కోటమ్మ గుమ్మం బయట లేచి నిలబడింది.

"ఏందమ్మా నర్సమ్మా, ఏం చేస్తన్నావు పిల్లని?"

"నేనేం చేశా పెద్దమ్మా, మీ బంగారమే నన్ను తిడుతోంది."

"తిట్టనీ తల్లీ," అంటూ కోటమ్మ బల్లమీద కూలబడింది. "పేటదాకా వినపడాల."