మా ఆయన కార్డు, మా ఇంటి దుమ్ము

జర దగ్గరికి జరిగి కూర్చోండి, గోడకు ఆనుకోండి. తొర్రూరులో మా ఇంట్లో అయిన ముచ్చట ఇది. చెబుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మా ఆయన రేకుల మేస్త్రీ. పెళ్లినాటి నుంచీ ఆయన పని ఇళ్లకు సిమెంటు రేకులు ఎక్కించడం, పాతవి దించడం. ఆ మధ్య మా ఊరి సర్కారు బడి కప్పు మార్చాలన్నారు. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుందట. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఎన్నో ఏళ్లకు క్యాన్సరై బయటపడొచ్చట. అందుకని, శిక్షణ తీసుకుని కార్డు తెచ్చుకున్నవాళ్లే దించాలని షరతు పెట్టారు. ఆయన జనగామ పోయి నేర్చుకుని వచ్చాడు. కార్డు మెడలో వేసుకుని చాయ్ హోటల్ దాకా తిరిగాడు. కొత్త పెళ్లికొడుకు కూడా అంత తిరగడు.

బడి దగ్గర పని చూడాలి మీరు! తెల్ల తొడుగులు, మూతికి మాస్కులు. రేకుల మీద నీళ్లు కొట్టి, పగలకుండా పసిపిల్లను దించినట్టు దించి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టారు.

ఆ వారమే మా వెనకింటి అక్క తన బర్రెల కొట్టం రేకులు తీయమంది. ఆయన ఎక్కి సుత్తితో టపటపా పగలగొట్టాడు. నీళ్లు లేవు, మాస్కు లేదు. పిండిగిర్నిలో లేచినట్టు దుమ్ము లేచింది.

"ఏందయ్యా గిది? బడికాడ నీళ్లు కొట్టినవ్ గద!" అని కింద నుంచి అరిచాను.

"గది సర్కారు పనే. సారు నిలబడి చూస్తడు. గీడ ఎవరు చూస్తరు?"

"నేను చూస్తలేనా? నాయి కండ్లు గావా?"

వెనకింటి అక్క నవ్వింది. "ఊకో చెల్లె, బర్రెలను గూడ కార్డు అడుగుతవా ఏంది!"

సాయంత్రం ఆయన వాకిట్లోకి రాగానే మా మనవరాలు ఉరికి మోకాళ్లను చుట్టేసింది. నేను రోజూలాగే ఆయన చొక్కా అందుకుని దులపబోయాను.

"దులపకే! దులపొద్దన్నరు."

"ఎవరన్నరు?"

"ట్రైనింగుల సారు. బట్టల దుమ్ము ఇంటోళ్లకు పడ్తదట. తడిపి పిండాల్నట."

"మరి నాకెందుకు చెప్పలే?"

"క్లాసు మాకు గదనే. నీకెందుకనుకున్న."

విన్నారా? ఇన్నేళ్లు ఆ చొక్కాలు దులిపింది నేను. పొడిదగ్గు వస్తే మిరప ఘాటని సరిపెట్టుకున్నది నేను. ఆ పిల్లేమో మూతిని ఆయన ప్యాంటుకు ఆనించి నిలబడింది. కార్డు మాత్రం ఆయనకు!

పొద్దున్నే బడి పని చూసే ఇంజనీరు దగ్గరికి పోయాను.

"సారు, కొట్టాలకు, ఇండ్లకు గీ రూలు లేదా?"

"అది ప్రైవేటమ్మా. మా షరతు బడి వరకే."

"మరి దుమ్ముకు చెప్పిన్రా, బడి గోడకాడ్నే ఆగుమని?"

ఆ సారు ఫోను చెవికి పెట్టుకుని పక్కకు జరిగాడు.

ఆ సాయంత్రం వాకిట్లో బకెట్ నిండా నీళ్లు పెట్టాను. ఆయన పని నుంచి వచ్చే వేళకు పిల్లను చంకనెత్తుకుని లోపల గొళ్లెం పెట్టాను. "బట్టల మీదనే నీళ్లు పోసుకో, అప్పుడు తలుపు తీస్త!"

"నా ఇజ్జత్ తీస్తున్నవే! గల్లీ అంత చూస్తున్నరు!"

"చూడనియ్యి. ఎవరన్న చూస్తెనే గద నువ్వు నీళ్లు కొట్టేది!"

లోపల పిల్ల తాత కావాలని ఏడుపు. బయట ఆయన నన్ను తిట్టుకుంటూనే నెత్తిన నీళ్లు గుమ్మరించుకున్నాడు. అప్పటి నుంచి పిల్ల ఆయనను తాకేది, ఆయన నీళ్లు పోసుకుని బట్టలు మార్చాకే. ఇక పరాయి ఇళ్ల రేకులంటారా, నేను వెంట పోయిన చోట తడిపి దించుతాడు, పోని చోట ఏం చేస్తాడో దేవుడికెరుక.

మీ ఇల్లు చల్లగుండాలి. పనికి పోయిన మీవాళ్లు నిండు ఊపిరితో తిరిగి రావాలి. అక్కడ విన్న మంచి మాట ఇంట్లో చెప్పే బుద్ధి వాళ్లకు కలగాలి.