సగం లారీ, సగం మనిషి

నా చిన్నప్పుడు పటమట మొత్తంలో జపనీసు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పక్కింటాయన ఓడలో ఉద్యోగం చేసేవారు. ఒకసారి ఆయన జపాన్ పిల్లల బొమ్మల సీరియల్ క్యాసెట్లు నాలుగు తెచ్చారు. అందులో లారీలు, రైళ్లు, విమానాలు ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ చాపి మనుషుల్లా లేచి నిలబడేవి. మాటలన్నీ జపనీసే. ఆదివారం పొద్దున్నే వీధి పిల్లలందరూ వాళ్ల హాల్లో చాప మీద కూర్చుంటే, నేను టీవీ పక్కన నిలబడి తెలుగు చెప్పేవాణ్ణి. "వరదొచ్చింది, బ్యారేజీ గేట్లెత్తాలి, పద తమ్ముడూ అంటున్నాడు" అని ఎర్ర లారీ తరఫున నేను అరిస్తే, అందరూ నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు.

నాకు జపనీసు ఒక్క ముక్క రాదు. కానీ చెప్పగా చెప్పగా, వచ్చేమోనని నాకే అనిపించేది.

ఆ వేసవిలో ఆయన తన స్నేహితుడి చేత ఆ ఎర్ర లారీ బొమ్మనే పంపించారు. నా నడుమంత ఎత్తుండేది. సరే, మోకాలంత. పోనీ జానెడే అనుకోండి, కానీ అంతా ఇనుమే. ఆయన కూతుర్ని నేను అక్క అనేవాణ్ణి, అక్కకి ఐదేళ్ల తమ్ముడున్నాడు, బొమ్మ వాడి కోసం. పాడుచేస్తాడని వాళ్లమ్మగారు దాన్ని అద్దాల బీరువాలో పెట్టి, నాన్నగారు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నారు. ఆయన వచ్చే ముందు రోజు సాయంత్రం అక్క దాన్ని ఓణీ చాటున దాచి మా పెరట్లోకి తెచ్చింది.

"ఒరేయ్, దీంతో వచ్చిన కాయితం నిండా జపనీసే. నువ్వు చదివి దీన్ని మనిషిని చెయ్యవూ? తమ్ముడు పొద్దస్తమానం ఏడుపే. రేపు మధ్యాహ్నం నాన్న వచ్చేలోగా మళ్లీ బీరువాలో పెట్టెయ్యాలి. అమ్మకి తెలిస్తే నా వీపు చిట్లుద్ది."

కాయితం అందుకుని, పెద్ద పండితుడిలా తలాడిస్తూ పైనుంచి కిందికి చదివాను. చేతులు సులువుగానే వచ్చాయి. తల సగం లేచి ఆగింది. స్క్రూడ్రైవర్‌తో ఛాతీ తెరిచాను. నడుము తిరగకపోతే మోకాలితో అదిమాను. టక్కుమని ఓ చప్పుడైంది. ఏదో చిన్నది ఎగిరి అరటిచెట్ల వైపు పోయింది. వెతికాను, దొరకలేదు. నా చేతిలో మిగిలింది లారీ కాదు, మనిషీ కాదు. ముందు చక్రాల మధ్య నుంచి ఒక చెయ్యి మాత్రం ఆకాశం వైపు చాచి ఉంది.

అక్క రెండిళ్ల మధ్య గోడ మీంచి తొంగి చూసి "ఏవైందిరా?" అంది.

"ఒక రాత్రంతా సగంలో ఉంచాలట అక్కా. కాయితంలో రాసుంది."

"ఏంటి, ఇడ్లీ పిండా?" అని నవ్వి లోపలికి వెళ్లిపోయింది. నమ్మింది. ఆ రాత్రంతా బీరువా అద్దం వెనక ఖాళీ చోటు, దాని ముందు వాళ్లమ్మగారు, పక్కన అక్క. కళ్లు మూసినా తెరిచినా అదే.

తెల్లారగానే బొమ్మని స్కూలు సంచిలో వేసుకుని, సైకిల్ మీద ఆటోనగర్‌లోని మా మావయ్య షెడ్డుకి పోయాను. ఆయన లారీల గేర్‌బాక్సులు బాగుచేసేవాడు. విప్పిన ప్రతి ముక్కనీ గోనెపట్టా మీద ఎడమ నుంచి కుడికి వరసగా పేర్చేవాడు. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి వచ్చేవాడు. ఆ పట్టా దాటితే ఎంతటివాడికైనా తిట్లు తప్పవు, అందుకే చేతిలో పని అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను.

"పక్కింటి పిల్లాడు ఇరగ్గొట్టాడు మావయ్యా."

"చివర్న ఏం కదిపాడు?"

"తల."

ఆయన తలని కొంచెం కదిపి చూసి ఆగిపోయాడు. చేతిని చూశాడు. బొమ్మని పట్టా మీద పెట్టి నా వంక చూశాడు. "ఒరే అల్లుడూ, చివర్న కదిలింది తల కాదు. కదిపింది ఆ పిల్లాడూ కాదు. నువ్వు చెప్పినట్టు లాగానంటే ముక్కలవుద్ది. చివరిది ముందు చెప్పు."

షెడ్డు గడియారంలో పదకొండు దాటింది. మోకాలితో అదిమానని చెప్పాను. ఆయన నడుముని గోరంత వెనక్కి తిప్పాడు, కాళ్లు ముడుచుకున్నాయి. "అంతకు ముందు?" స్క్రూడ్రైవర్ అన్నాను. ఛాతీ మూసుకుంది. "అంతకు ముందు?" తల, దానికి ముందు చేతులు. అవీ లోపలికి పోయాయి. ఒక్కో నిజానికీ ఒక్కో ముక్క దారికొచ్చింది.

"అన్నిటికన్నా ముందు?"

"జపనీసు వచ్చన్నాను."

మావయ్య అటు తిరిగి చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. పోయిన స్ప్రింగు బదులు తన డబ్బాలోంచి ఒక నల్లటిది వేశాడు. "ఇది బయటికి కనపడుద్ది. చెప్పి ఇవ్వు" అన్నాడు.

చెప్పాను. గేటు దగ్గరే అక్కకి చివరి నుంచి మొదటికి అంతా చెప్పాను. అక్క పడీపడీ నవ్వింది. "అయితే వరద కథ కూడా నీదేనా? అదే బాగుందిరా" అంది. బొమ్మ బీరువాలోకి చేరింది.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు మిగిలింది. నేను కోతలు కోయడం మానలేదు, మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు. కానీ విప్పాల్సి వచ్చినప్పుడు, చివర బిగించినదాన్నే ముందు విప్పుతాను. కాబట్టి ఈ కథలో చివర బిగించిన కోతని ఇప్పుడు విప్పుతున్నాను. అక్క నవ్వలేదు.

ఆ నల్ల స్ప్రింగు వంక చూసి, బొమ్మ తీసుకుని లోపలికి వెళ్లింది. మధ్యాహ్నం వాళ్ల నాన్నగారు వచ్చారు. నేను గోడకి ఇటువైపు కూర్చుని వింటున్నాను. దీన్నెవరు విప్పారని ఆయన అడిగారు.

"నేనే నాన్నా. నేనే తీశాను. నా చేతిలోనే ఇరుక్కుంది."

ఆ తర్వాత వాళ్లమ్మగారి గొంతు పెద్దదైంది. లేచి నిలబడి, నాలుగడుగులు వేసి, నేనండీ అంటే సరిపోయేది. లేవలేదు. ఆ నాలుగడుగులూ ఇప్పటికీ నా దగ్గరే ఉండిపోయాయి. ఆ గోడ నా ఛాతీ వరకే ఉండేది. ఇది మాత్రం ఎక్కువా తక్కువా చేసి చెప్పడం లేదు.