షుకూర్ చదివిన రెండు ఎనిమిదులు

రేపల్లెలో పుట్టిన షుకూర్ తెనాలిలో ఉద్యోగం దొరికాక మా ఎదురింట్లో దిగి ఇరవై ఆరేళ్ళయింది. గూడ్సు బండి ఆగగానే పట్టాల వెంట నడుస్తూ ప్రతి పెట్టె నంబరూ పుస్తకంలో రాసుకోవడం అతని పని. ఒక్కో నంబరుకి పదకొండు అంకెలు. అంత పొడుగెందుకని ఒకసారి అడిగాను.

"చివరి అంకె కాపలాకక్కా" అన్నాడు.

మొదటి పదింటిలో రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది స్థానాల అంకెలు కూడి మూడింతలు చేయాలి. మిగతా అయిదూ దానికి కలపాలి. వచ్చిన మొత్తం ఆ పైన వచ్చే పదుల సంఖ్యకి ఎంత తక్కువో అదే పదకొండో అంకె. కుదరకపోతే ఎక్కడో తప్పు రాసినట్టు.

ఏడాదిగా షుకూర్ ఆ లెక్క మీదే బతుకుతున్నాడు. నడిమి చూపు పోతోందనీ, తిరిగి రాదనీ బాపట్ల కంటి డాక్టరు చెప్పేశాడు. ఆ సంగతి భార్య కరీమాబీకి కూడా చెప్పలేదు. నేనే అడిగి అడిగి రాబట్టాను. రిటైరవడానికి ఇంకా పద్నాలుగు నెలలు. ఆఫీసులో తెలిస్తే పట్టాల మీదకి రానివ్వరు. మూడూ ఎనిమిదీ అతనికి ఒకేలా కనపడుతున్నాయి. లెక్క కుదరనప్పుడు వెనక్కి వెళ్ళి, అంకె మీది పెయింటు అంచును వేలితో తడిమి దిద్దుకుంటాడు.

మొన్న చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అతని పుస్తకం అడిగి తీసుకున్నాను. అందులో ఒక నంబరు 10081287849. వెయ్యి ఎనిమిది కోట్ల పన్నెండు లక్షలు అని నేను చదువుతుంటే నవ్వాడు. కాగితం మీద లెక్క కట్టాను. ఇరవై ఒకటికి మూడింతలు అరవై మూడు, పద్దెనిమిది కలిపితే ఎనభై ఒకటి. తొంభైకి తొమ్మిది తక్కువ. కుదిరింది.

"చివర్లో ఈ రెండెనిమిదులూ మూళ్ళయితేనో?"

"కుదరదక్కా."

చేసి చూశాను. డెబ్బై ఒకటి. ఎనభైకి మళ్ళీ తొమ్మిదే తక్కువ.

షుకూర్ కాగితాన్ని చెవి దాకా జరిపి కంటి కొసతో చూశాడు. "అయిదు తేడా అక్కా. ఒకటి తప్పితే పట్టుకుంటుంది. రెండు తప్పితే పదయిపోయి వదిలేస్తుంది." పుస్తకం అందుకుని పేజీలు వెనక్కి తిప్పసాగాడు. పేజీపేజీకీ ఎనిమిదులే.

ఆ పెట్టె ఇంకా రైల్వే గేటు పక్క పట్టాల మీదే ఉందన్నాడు. చిక్కుడుకాయలు వదిలేసి వెంట వెళ్ళాను.

"చదువక్కా."

"ఒకటి, సున్నా, సున్నా, ఎనిమిది, ఒకటి, రెండు..." ఆగాను. తెల్ల పెయింటులో ఎండకి మెరుస్తోంది. "మూడు."

"తర్వాత?"

"ఏడు. దాని పక్కది... అదీ మూడే."

షుకూర్ ఆ రెండంకెల అంచులూ వేలితో తడిమాడు. "రేపట్నుంచి వాకింగని చెప్పి నాతో రాకూడదా? నువ్వు చదివితే నేను రాసుకుంటా. పద్నాలుగు నెలలేగా."

వస్తాననే అందామనుకున్నాను. ఇంతలో అతనే తల అడ్డంగా ఊపి, పుస్తకం చొక్కా లోపల పెట్టుకుని, కాలివేళ్ళతో దారి వెతుక్కుంటూ ఆఫీసు వైపు కదిలాడు.

"ఆఫీసులో సార్‌కి నేను చెప్పుకుంటా. కరీమాబీకి మాత్రం నువ్వే చెప్పక్కా."