మా వెరిఫికేషన్ వదిన

మా వదిన ఎవరి మాటా నమ్మదు. ఇది చాడీ కాదు, ఆవిడ ఎదురుగానే అంటాను, కావాలంటే మళ్ళీ అంటాను. అంటే ఆవిడ ఊరుకోదు. "నేను నమ్మనని ఎవరన్నారు? ఏదీ, చూపించు" అంటుంది. ఈ "ఏదీ, చూపించు" తోనే మా ఇంటినీ, మా ఆఫీసునీ, ఈ ఊళ్ళో సగం మందినీ హడలగొట్టిన మనిషి ఆవిడ.

బయట వాన పడుతోందని చెబితే కిటికీలోంచి చెయ్యి చాపి చూస్తుంది. చెయ్యి తడిసినా ఒప్పుకోదు. పై వాటా వాళ్ళు మొక్కలకు నీళ్ళు పోస్తున్నారేమోనని అవతలి గది కిటికీలోంచి కూడా చాపుతుంది. ఒకసారి డాక్టరు ఆవిడ బీపీ చూసి, అంతా మామూలుగానే ఉందన్నాడు. "ముందు మీది చూసుకోండి, మిషను సంగతి తేలుతుంది" అంది మా వదిన. ఆయన నవ్వుతూ పట్టీ చుట్టుకున్నాడు. చూస్తే ఆయనకే ఎక్కువుంది! ఆ రోజునుంచి ఆయన ఉప్పు తగ్గించాడు, మా వదిన కనిపిస్తే లేచి నిలబడతాడు.

పెళ్ళికి ముందు మా అన్నయ్య "ఆఫీసులో నాకు పెద్ద కుర్చీ ఉంది" అని ఆవిడ దగ్గర గొప్పలు పోయాడట. మర్నాడే వెళ్ళి ఆ కుర్చీలో కూచుని మరీ చూసొచ్చింది. "కుర్చీ ఉంది. ఒక కాలు ఊగుతోంది. మనిషి అబద్ధాలకోరు కాడు, కాస్త పెంచి చెప్పే రకం" అని తేల్చి, అప్పుడు పెళ్ళికి ఒప్పుకుంది. "నిన్ను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాను" అని మాత్రం అన్నయ్య ఇంతవరకు నోరు జారలేదు. జారితే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

ఇక ఆవిడ చెప్పుల సంగతి. ఏ జత కొన్నా మూణ్ణాళ్ళ ముచ్చటే. అరిగిన జతను పట్టుకెళ్ళి షాపువాడి కౌంటరు మీద పెట్టి "ఏడాది మన్నుతాయన్నావు, ఏదీ?" అని నిలదీస్తుంది. "మీరు వీటితో రోడ్లు వేయిస్తున్నారా అమ్మా?" అని వాడు లబోదిబోమంటాడు. వాడి గోల వాడిది. ఆవిడా నేనూ పనిచేసే ఆఫీసు చూస్తే వీధి చివరే, ఆవిడ ఉద్యోగం చూస్తే కూచుని చేసేది. "చెప్పులెలా అరుగుతున్నాయే నీకు?" అని అన్నయ్య అడిగితే "తోలు మంచిది కాదు" అని మాట దాటేస్తుంది. సాయంత్రం అయ్యేసరికి "నువ్వు పద, నాకు పనుంది" అని నన్ను ఇంటికి తోలేసి, తను తీరిగ్గా వస్తుంది. ఏం పనో చూపించమని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది?

ఇలాంటి మనిషికి ఏ ఉద్యోగం దొరకాలో అదే దొరికింది. కాలేజీలో ఫీజు సాయం విభాగంలో వెరిఫికేషన్. ఫీజు కట్టలేని పిల్లలు సాయం కోసం దరఖాస్తు పెడతారు. ఇంట్లో ఎంతమంది ఉంటారు, సంపాదన ఎంత, ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారు, అన్నీ రాయాలి. రాసినదానికీ సర్కారు రికార్డుకీ తేడా వస్తే కంప్యూటరు ఆ దరఖాస్తును పక్కకు తోసేస్తుంది. అలా తోసినవన్నీ మా వదిన బల్ల మీదకు వస్తాయి. పక్క బల్ల దగ్గర ఉత్తరాలు టైపు చేసేది నేను. మెట్ల కింద గది మాది. ముందు అద్దం, అద్దానికి గుండ్రటి కన్నం. పిల్లలు వంగి ఆ కన్నంలోంచి మాట్లాడాలి. మా వదిన "ఏదీ" అందంటే వంగినవాళ్ళు టక్కున నిటారుగా అయిపోతారు. "చూపించు మేడమ్" అని పిల్లలు పెట్టిన పేరు. ఆవిడకు తెలుసు. "అన్నారా? ఎవరు? ఏదీ..." సరే, ఎందుకులెండి.

ఓసారి ఒక కుర్రాడొచ్చి, నాన్నమ్మ పోయింది, కాగితాలు తేవడానికి గడువు కావాలన్నాడు.

"అయ్యో పాపం. కిందటేడు కూడా నాన్నమ్మే పోయింది కదూ?" అంది వదిన.

"ఆవిడ వేరే నాన్నమ్మ మేడమ్."

"మీ నాన్నకి ఎంతమంది అమ్మలు బాబూ?"

వాడు కాసేపు ఆలోచించి "కాగితాలు మధ్యాహ్నం తెస్తాను మేడమ్" అన్నాడు. తెచ్చాడు కూడా.

ఇంతవరకు నవ్వులాటే. ఇప్పుడు చెప్పబోయేది వేరు. ఒకమ్మాయి దరఖాస్తు వచ్చింది. తల్లి బట్టలు కుడుతుంది. ఇంట్లో ఐదుగురమని రాసింది. రికార్డులో చూస్తే తల్లీ కూతురూ, ఇద్దరే! ఇద్దరే అయితే ఆ తల్లి సంపాదన చాలుతుందని సాయం ఇవ్వరు. ఐదుగురయితే ఇస్తారు. ఐదుగురని అబద్ధం రాసిందని తేలిందా, ఇక ఈ జన్మకు ఇవ్వరు. సాయం రాకపోతే సీటు పోతుంది. తల్లి మిషను పక్కన ఇంకో మిషను వేసుకుని కూచోవడమే ఆ పిల్లకు మిగిలేది. గడువు మర్నాడు సాయంత్రంతో సరి.

మా సూపరింటెండెంటు గారు చెడ్డవాడేం కాదు. బల్ల ఖాళీగా ఉంటే చాలు, లోకమంతా సుభిక్షంగా ఉన్నట్టే ఆయనకు. తిరస్కరణ కాగితం తనే నింపి, మా వదిన ముందు పెట్టాడు. "తప్పుడు సమాచారం. సంతకం పెట్టేయండమ్మా, పనైపోతుంది."

కన్నానికి అవతల ఆ పిల్ల నిలబడే ఉంది. వంగలేదు. అద్దంలోంచే గట్టిగా అంది: "అబద్ధం రాయలేదు సార్. మా ఇంట్లో ఉన్నవాళ్ళనే రాశాను. ఎవర్ని తీసెయ్యమంటారు?"

"రికార్డులో ఉన్నవాళ్ళని ఉంచి, మిగతావాళ్ళని."

"మరి భోజనాల దగ్గర తాతయ్యను లేచిపొమ్మని మీరొచ్చి చెప్తారా?"

ఆయన మొహం ఎర్రబడింది. "చూశారా ఎదురు సమాధానం! పెట్టండమ్మా సంతకం."

మా వదిన కళ్ళద్దాలు తుడుచుకుని ఆ కాగితం చదివింది. సంతకం చోటికి పైన అచ్చులో ఒక వాక్యం ఉంటుంది, "పై వివరాలను స్వయంగా పరిశీలించి నిర్ధారించుకున్నాను" అని. వదిన కన్నా ముందు ఆ కుర్చీలో ఉన్నాయన ఇలాంటివి దస్తాలకు దస్తాలు టీ తాగుతూ సంతకాలు చేసేవాడట.

"నేను పరిశీలించలేదు," అంది వదిన.

"రికార్డు చూశారుగా?"

"రికార్డు చూశాను. ఇల్లు చూడలేదు."

"అది ఊరికే మాటవరసకు రాసిన వాక్యమమ్మా!"

"మాటవరసకైతే కొట్టెయ్యండి. ఏదీ, కొట్టేసి చూపించండి."

అచ్చయిన వాక్యాన్ని కొట్టేసే దమ్ము ఏ సూపరింటెండెంటుకు ఉంటుంది చెప్పండి! ఆయన గొణుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. వదిన ఆ పిల్ల వైపు చూసి "నువ్వు చెప్పింది విన్నాను. నమ్మలేదు. సాయంత్రం మీ ఇంటికొస్తాను" అంది. ఆ పిల్ల కూడా తక్కువ తినలేదు, "రండి, భయమా?" అంది.

ఆ సాయంత్రం నన్ను ఇంటికి తోలెయ్యలేదు. సాక్షి కావాలట. ఊరి ఆ చివర, సైకిల్ షాపు మీద గది. షాపాయన మమ్మల్ని చూడగానే గాలి కొట్టే పంపు వదిలేసి వచ్చాడు. "రండి మేడమ్! ఈసారి ఎవరింటికి? మొన్నటి కాపలాదారు కూతురి సంగతి తేలిందా?"

"తేలింది," అంది వదిన పొడిగా.

ఎదురు మేడ కిటికీలోంచి ఒకావిడ "మేడమ్, మంచినీళ్ళయినా తాగి వెళ్ళండి!" అని కేకేసింది. నేను గుడ్లప్పగించి చూశాను. "వీళ్ళంతా నీకెలా తెలుసు వదినా?" అన్నాను. "మెట్లు నిటారుగా ఉన్నాయి, చూసి ఎక్కు" అంది, అంతే.

తల్లి మిషను తొక్కుతూనే ఉంది. మమ్మల్ని చూసి ఆపలేదు. "పిల్ల రాసిందిగా, మళ్ళీ ఏం కావాలి?"

"రాసింది. నేను చూడాలి."

ఆవిడ దారం పంటితో పుటుక్కున తెంపింది. "మా ఇంట్లో ఎవరున్నారో మాకు తెలుసు. కాగితానికేం తెలుసమ్మా?"

"అందుకే కాగితాన్ని అక్కడే వదిలేసి నేనొచ్చాను," అంది వదిన.

ఆవిడ ఒక్క క్షణం మిషను ఆపింది. సంగతంతా అప్పుడు చెప్పింది. ఆవిడకు కుట్టుపని నేర్పిన పెద్దాయనకు చూపు పోయింది. కొడుకూ కోడలూ ముందే పోయారు. మిగిలింది ఆయనా, ఇద్దరు మనవలూ. "నా చేతికి సూది ఇచ్చిన మనిషిని వీధిలో కూచోబెట్టి నేను గదిలో కూచోనా? నావల్ల కాదు. ఏ రికార్డులో ఎక్కించుకుంటారో ఎక్కించుకోండి, మానుకుంటే మానుకోండి."

నాకైతే కళ్ళు చెమర్చాయి. మా వదినకా? ఆవిడ గోడవారగా నడుస్తూ మగ్గులో ఉన్న టూత్‌బ్రష్షులు చూస్తోంది! మిషను కింద బొమ్మలు గీసుకుంటున్న చిన్న మనవరాలిని "ఇందులో నీ బ్రష్ ఏదే?" అని అడిగింది.

"నీకెందుకు?" అంది అది తలెత్తకుండా.

"ఇంటి పిల్లే," అంది వదిన నాతో. "చుట్టపుచూపుగా వచ్చిన పిల్ల ఇంత పొగరుగా మాట్లాడదు."

తర్వాత స్టూలొకటి లాక్కుని పెద్దాయన ఎదురుగా కూచుంది. "మీరు ఇక్కడే ఉంటారా?"

"ఇక్కడే ఉంటానమ్మా."

"ఏదీ, చూపించండి."

"వదినా!" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. చూపు లేని మనిషిని పట్టుకుని చూపించమనడమేమిటి? గుమ్మంలో నిలబడ్డ దరఖాస్తు పిల్ల పిడికిళ్ళు బిగించింది. ఆయన మాత్రం నవ్వాడు. లేచాడు. చేతికర్ర అక్కడే వదిలేశాడు. బట్టల మూటలు తప్పుకుని, మిషను చుట్టూ తిరిగి, వేలాడుతున్న తీగ దగ్గర తల వంచి, మూలనున్న కుండ దగ్గరికి వెళ్ళి గ్లాసులో నీళ్ళు ముంచాడు. చుక్క ఒలకలేదు. గ్లాసుతో వెనక్కి వస్తూ ఉన్నట్టుండి మోకాలికి ఏదో తగిలి ఆగిపోయాడు. తడిమి చూసి, కోపంగా అన్నాడు: "ఈ స్టూలు ఇక్కడెవరు పెట్టారు? ఇది కిటికీ కింద ఉండాలి!"

స్టూలు మీద కూచున్న మా వదిన ఆయన చేతిలోంచి నీళ్ళు అందుకుని గటగటా తాగేసింది. "చూశాను," అంది. లేచి స్టూలు తీసుకెళ్ళి కిటికీ కింద పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే రిపోర్టు ఆవిడ చెబుతుంటే నేను టైపు చేశాను. సూపరింటెండెంటు గారు చదివి నెత్తి కొట్టుకున్నాడు. "స్టూలు జరిపితే గుర్తుపట్టి కోప్పడ్డారు... ఇదేం రిపోర్టమ్మా? రక్తసంబంధం లేనివాళ్ళని లెక్కలో వేసుకోకూడదు."

"ఏదీ, ఆ నిబంధన చూపించండి."

బీరువాలోంచి నిబంధనల పుస్తకాలన్నీ దింపాడు. మధ్యాహ్నం దాకా తిరగేశాడు. "దరఖాస్తుదారుతో కలిసి ఉంటూ ఆ కుటుంబ పోషణలో ఉన్నవారు" అని ఉంది తప్ప, రక్తం మాట ఎక్కడా లేదు.

"పైవాళ్ళు ఊరుకోరమ్మా!"

"ఎవరు? ఏదీ, చూపించండి, నేనే వెళ్ళి మాట్లాడతాను."

"మిమ్మల్ని స్టోర్సుకు మార్పించేస్తాను!"

"ఆర్డరు చూపించండి, ఇప్పుడే వెళ్తాను. ఈ పిల్లకు కాదని చెప్పాలంటే మాత్రం సంతకం మీరు పెట్టండి." తిరస్కరణ కాగితమూ కలమూ ఆయన వైపు జరిపింది. "పెట్టేముందు పైన ఏం రాసుందో ఒకసారి పైకి చదవండి."

ఆఫీసంతా చెవులు రిక్కించింది. కన్నానికి అవతల ఆ పిల్ల అద్దానికి దగ్గరగా జరిగింది. ఆయన గొంతు సవరించుకుని "పై వివరాలను స్వయంగా..." అని ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"సైకిల్ షాపు పైనే అండీ," అంది వదిన నెమ్మదిగా. "కావాలంటే మీరూ వెళ్ళి చూసి రండి. స్టూలు మాత్రం జరపకండి."

గడువు ముగిసేలోపు మంజూరు కాగితం మీద ఆయన సంతకం పడింది. ఆ పిల్ల మొదటిసారి కన్నం దగ్గర వంగి "మీ మేలు మర్చిపోను మేడమ్" అంది. మా వదిన ఏమంటుందో ఆఫీసంతటికీ తెలుసు. "ఏదీ, చదివి చూపించు" అని ఆ కన్నం మూసేసింది.

రాత్రి భోజనాల దగ్గర అన్నయ్యకు జరిగిందంతా చెప్పేశాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు. "అయితే రోజూ సాయంత్రం నువ్వు చేసే పని ఇదా?" అన్నాడు.

"మరేం చెయ్యమంటారు? అవునని సంతకం పెట్టడానికి కాగితాలు చాలు. కాదని పెట్టాలంటే కళ్ళతో చూడొద్దూ?" అంది ఆవిడ, చాలా మామూలు సంగతి చెప్పినట్టు.

నేనిక ఆగలేకపోయాను. "వదినా, నువ్వు ఎంత మంచిదానివో!" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆపి నావైపు అనుమానంగా చూసింది. "ఎవరన్నారు? ఏదీ, చూపించు."

ఇన్నేళ్ళకు దొరికింది నాకు! చెయ్యి కడుక్కుని గుమ్మం దగ్గరికెళ్ళి ఆవిడ చెప్పులు తెచ్చి, తిరగేసి, దీపానికి అడ్డంగా పట్టుకున్నాను. రెండు మడమల దగ్గరా కన్నాలు. వాటిలోంచి వెలుతురు వచ్చి ఆవిడ మొహం మీదే పడింది.

మా వదిన కళ్ళద్దాలు సర్దుకుని ఆ కన్నాలను చాలాసేపు పరిశీలించింది.

"ఇది షాపువాడి మోసం," అంది. "రేపు వెళ్ళి వాణ్ణి కడిగేస్తాను."