కడగని ద్రాక్ష

మా పెద్దక్కకి ముక్కు మీదే కోపం. ఆ కోపం నాకూ వచ్చింది కానీ, అవసరమైన పూట మాత్రం రాలేదు.

పండ్ల మార్కెట్లో పురుగుమందుల పరీక్ష గది ఆమెది, గేటు నాది. పంతొమ్మిదేళ్లుగా ఆమెది ఒకటే పట్టు: పండు మీద అసలు మందెంతో తెలియాలంటే కడగకూడదు, వచ్చింది వచ్చినట్టే తొక్కతో సహా రుబ్బాలి. ఎవరైనా నమూనాను కుళాయి దగ్గరికి తీసుకెళితే గది దద్దరిల్లేది. రసంలో మందెంతుందో గీత గీసి చూపే పాత గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం ముప్పావుగంట నానబెట్టేది, ఈలోగా లారీలు జారుకునేవి. కొత్తది రసం ఎక్కించాక ఆరు నిమిషాల్లో తేల్చేస్తుంది. అది వచ్చిన రోజు అక్క నవ్వింది. మార్కెట్లో ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మొన్న బడిపిల్లల కోసం ద్రాక్ష లారీ వచ్చింది. యంత్రం గీసిన గీత నిట్టనిలువుగా లేచింది. మందు ఉండదగినదానికి మూడింతలుంది. లారీ ఆపమని అక్క రాసింది. మా మార్కెట్ ఆఫీసు పెద్దసారు వచ్చి, ద్రాక్ష కడక్కుండా ఎవరు తింటారమ్మా అని నవ్వాడట. తనే ఓ గుత్తిని ఉప్పునీళ్లలో నానేసి, రుద్ది రుద్ది కడిగి, మళ్లీ పరీక్ష చేయించాడు. గీత దిగింది, సంతకం పడింది. కంచే చేను మేస్తే ఇంకెవరికి చెప్పుకుంటాం?

అక్క ఫోన్ చేసింది. "గేటు తియ్యకురా. అది కడిగి చేసిన పరీక్ష."

"సారు సంతకం ఉంది కదక్కా," అన్నాను. గంగిరెద్దులా తలూపి గేటు తీశాను.

ఆమె తెల్లకోటుతోనే, మొదటి పరీక్ష కాగితం పట్టుకుని ఆటో ఎక్కింది. బడి వంటగది గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఒక్క పండు కూడా పిల్లల పళ్లెంలో పడనివ్వలేదు.

దానికి దక్కిన మర్యాద, సస్పెన్షన్. ఆఫీసు కాగితం బయటికి తీసుకెళ్లడం నేరమట. కడిగినవాడి కుర్చీ కదల్లేదు. గేటు తీసినవాడి ఉద్యోగం చెక్కుచెదరలేదు. పైగా ఆ ఉత్తర్వును ఆమెకు అందించమని నా చేతికే ఇచ్చారు, తమ్ముణ్ణి కదా అని. ఒళ్లు మండిపోయింది. అయినా తీసుకెళ్లాను.

అక్క చదివి మడిచి పక్కన పెట్టింది.

"మరి ఇవాళ పరీక్షలు ఎవరు చేస్తున్నార్రా?" అని అడిగింది.

పెద్దసారే చూసుకుంటున్నారని చెప్పాను. పొద్దుట్నుంచి పదకొండు లారీలకు గేటు తీశానని మాత్రం చెప్పలేకపోయాను.